ర్యాంకు వచ్చాక మొదలయ్యే చదువు

తెలుగు రాష్ట్రాల్లో ఇంజనీరింగ్ చదువు గురించిన చర్చ ప్రవేశ పరీక్ష రోజుల్లో మొదలై, కౌన్సెలింగ్‌లో చివరి సీటు భర్తీ కావడంతో చల్లారిపోతుంది. ఎవరికి ఏ ర్యాంకు వచ్చింది, ఏ కళాశాలలో ఏ బ్రాంచి దొరికింది, ఎక్కడ ఎంత దాకా సీటు వచ్చింది అన్నవే ఆ కొద్ది నెలల ప్రశ్నలు. అదే విద్యార్థి మూడో సెమిస్టర్‌కు వచ్చేసరికి ఎన్ని సబ్జెక్టులు మిగుల్చుకున్నాడు, తరగతికి రావడం ఎందుకు తగ్గించాడు, పదో తరగతిలో లెక్కలంటే ప్రాణం పెట్టిన అమ్మాయి ఇప్పుడు ఆ పుస్తకం తెరవడానికే ఎందుకు జంకుతోంది అన్న ప్రశ్నలు ఇళ్లలో గాని, పత్రికల్లో గాని అంత గట్టిగా వినిపించవు. వినిపించినప్పుడు కూడా పిల్లలకు పట్టుదల లేదన్న ఒక్క మాటతో వాటిని ముగించడం అలవాటైపోయింది. ఆ మాటలో ఎంత తొందరపాటు ఉందో విద్యా మనస్తత్వ శాస్త్రం అయిదు దశాబ్దాలుగా పోగుచేసిన పరిశోధనలు చూపిస్తాయి.

ఇక్కడ రెండు మాటలను విడదీసి చూడాలి. ప్రేరణ అంటే మనిషిని ఒక పనికి పూనుకునేలా చేసి, దానికొక దిశ చూపే బలం. నిలకడ అంటే ఆ పని కష్టమైనప్పుడు, విసుగు పుట్టినప్పుడు, ఓటమి ఎదురైనప్పుడు కూడా దాన్ని విడిచిపెట్టకుండా సాగడం. మొదటిది ఉంటే రెండోది దానంతట అదే వస్తుందన్నది లోకంలో ఉన్న నమ్మకం. శాస్త్ర సాంకేతిక విద్యలో మాత్రం ఈ లెక్క తరచుగా తప్పుతుంది. ఎందుకంటే విద్యార్థిని కళాశాల గుమ్మం దాకా నడిపించిన ప్రేరణ ఒక రకానిదైతే, గుమ్మం దాటాక నాలుగేళ్లు అతన్ని నిలబెట్టాల్సింది వేరొక రకానిది. మొదటి దానిని తయారుచేయడానికి తెలుగు సమాజం రెండేళ్ల కాలాన్నీ, కుటుంబాల సంపాదననూ ధారపోస్తోంది గాని, రెండోదాన్ని ఎవరు ఎక్కడ తయారుచేయాలన్న ఆలోచన ఇంకా సరిగా మొదలు కాలేదు.

మొదటి రకం ప్రేరణ ఎలా తయారవుతుందో ఎంపీసీ చదివించిన ప్రతి ఇంటికీ తెలుసు. రెసిడెన్షియల్ కళాశాలలో తెల్లవారకముందే మొదలయ్యే స్టడీ అవర్, రాత్రి పొద్దుపోయేదాకా సాగే మరో స్టడీ అవర్, వారం చివర పరీక్ష, ఆ పరీక్షలో వచ్చిన మార్కులను బట్టి సెక్షన్ మార్పు, ఇంటికి చేరే మార్కుల సందేశం, చివరికి రహదారి పక్కన ఫ్లెక్సీ మీద ఫొటో, ఇవన్నీ కలిసి విద్యార్థిని వెనకనుంచి నెడుతూనే ఉంటాయి. బహుమానం కోసం గాని, శిక్ష తప్పించుకోవడానికి గాని, పరువు నిలుపుకోవడానికి గాని పని చేయించే బలాన్ని మనస్తత్వ శాస్త్రం బాహ్య ప్రేరణ అంటుంది; పనిలోనే దొరికే ఆనందం, కుతూహలం కోసం పని చేయించే బలాన్ని అంతర్గత ప్రేరణ అంటుంది. ఒకటి మంచిది, రెండోది చెడ్డది అని తేల్చేయడం సరికాదు. చాలా ఇళ్లలో మొదటి తరం ఇంజనీరును నిలబెట్టింది పేదరికం నుంచి బయటపడాలన్న కోరికే. దానిని తక్కువ చేసి మాట్లాడే హక్కు ఎవరికీ లేదు. అయితే బయటి నెట్టుడు ఆగిపోయిన రోజున లోపల ఏం మిగులుతుందన్న ప్రశ్న మాత్రం తప్పదు.

ఈ ప్రశ్నను ప్రయోగశాలలో తొలిసారి స్పష్టంగా అడిగినవారిలో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ డెసీ ఒకరు. 1971లో ప్రచురించిన ప్రయోగంలో ఆయన కళాశాల విద్యార్థులకు సోమా అనే ముక్కల పజిల్ ఇచ్చి, మూడు విడతలుగా వారిని గమనించారు. రెండో విడతలో ఒక బృందానికి పజిల్ పూర్తిచేసినప్పుడల్లా ఒక డాలరు ఇచ్చారు. రెండో బృందానికి ఏమీ ఇవ్వలేదు. మూడో విడతలో ఎవరికీ డబ్బు లేదు. మధ్యలో దొరికిన ఖాళీ సమయంలో ఎవరూ అడగకుండానే ఎవరు ఎంతసేపు పజిల్‌తో గడిపారన్నదే అసలు కొలత. డబ్బు అలవాటైన బృందం, ఆ డబ్బు ఆగిపోగానే, అంతకుముందు ఉన్న ఆసక్తిని కూడా కొంత కోల్పోయినట్టు ఆయన గమనించారు. తర్వాతి దశాబ్దాల్లో డెసీ, రిచర్డ్ రయాన్ కలిసి ఈ ఆలోచనను స్వయంనిర్ణయ సిద్ధాంతంగా విస్తరించారు. తన పనిలో తన ఇష్టానికి చోటు ఉందన్న భావన, ఆ పని తనకు చేతనవుతోందన్న అనుభవం, చుట్టూ ఉన్నవారితో తనకొక బంధం ఉందన్న నమ్మకం, ఈ మూడూ దొరికిన చోట బయటినుంచి వచ్చిన ప్రేరణ కూడా మెల్లగా మనిషికి సొంతమవుతుందని, అవి దొరకని చోట సహజంగా ఉన్న కుతూహలం కూడా ఎండిపోతుందని ఆ సిద్ధాంతం చెబుతుంది.

బీటెక్ మొదటి సెమిస్టర్‌ను ఈ మూడు కొలతలతో చూస్తే పరిస్థితి తేటపడుతుంది. బ్రాంచిని చాలామంది విషయంలో ర్యాంకు, ఇరుగుపొరుగు మాట, ఆ ఏటి ఉద్యోగాల గాలి కలిసి నిర్ణయించి ఉంటాయి గనుక సొంత ఇష్టానికి చోటు తక్కువ. రెండేళ్లు పక్కనే కూర్చున్న స్నేహితులు వేర్వేరు ఊళ్లకు చెదిరిపోయారు. చేతనవుతోందన్న అనుభవం సంగతి మరింత లోతైనది. రెండు రాష్ట్రాల్లోనూ ఎంసెట్‌గా మొదలై ఇప్పుడు ఈఏపీసెట్ అని పిలుస్తున్న పరీక్షలో 180 నిమిషాల్లో 160 ప్రశ్నలకు జవాబు గుర్తించాలి. నిమిషానికి మించి ఏ లెక్క దగ్గరా ఆగకూడదన్నది అక్కడ నేర్పే మొదటి పాఠం. సరైన జవాబు కళ్లెదుట ఉన్న నాలుగింటిలోనే ఉందన్నది అడగకుండానే ఒంటబట్టే రెండో పాఠం.

ఇంజనీరింగ్ చదువు సరిగ్గా ఈ రెండు పాఠాలనూ తలకిందులు చేస్తుంది. ప్రోగ్రామింగ్ ల్యాబ్‌లో రాసిన ఇరవై వరుసల ప్రోగ్రాము మొదటిసారి నడవదు, రెండోసారీ నడవదు, పదోసారి నడిచినా తప్పు ఫలితం ఇస్తుంది. తప్పు ఎక్కడుందో చెప్పే నాలుగు ఐచ్ఛికాలు తెర మీద కనిపించవు. ఎం-వన్ అని పిల్లలు పిలుచుకునే మొదటి గణితం పేపర్లో ఒక్క లెక్క రెండు పేజీలు సాగుతుంది. ఇంజనీరింగ్ డ్రాయింగ్‌లో ఒక ఘన వస్తువు ముందునుంచి, పైనుంచి, పక్కనుంచి ఎలా కనిపిస్తుందో మనసులో తిప్పి చూడగలగాలి. దానికి బట్టీ అక్కరకు రాదు. ఒక సమస్య దగ్గర గంటసేపు దిక్కు తోచకుండా కూర్చోవడం ఈ చదువులో మామూలు సంగతి, నిజానికి చదువు జరిగేదే ఆ గంటలో. నిమిషంలో జవాబు దొరకకపోతే వదిలి ముందుకు పొమ్మని రెండేళ్లు శిక్షణ పొందిన విద్యార్థికి మాత్రం ఆ గంట తన తెలివి తక్కువతనానికి రుజువులా తోస్తుంది. నెమ్మదిగా సాగే ఆలోచనను ఓటమిగా పొరబడే ఈ అలవాటు ప్రవేశ పరీక్షల వ్యవస్థ చేసిన హానుల్లోకెల్లా తక్కువగా గుర్తింపు పొందినది, బహుశా అన్నిటికంటే పెద్దది.

ఇదే సమయంలో వెనకనుంచి నెట్టే ఏర్పాట్లన్నీ ఒక్కసారిగా మాయమవుతాయి. వారం వారం పరీక్ష లేదు, సెక్షన్ మార్పు లేదు, స్టడీ అవర్‌లో వెనక నిలబడే మనిషి లేడు. సెమిస్టర్ మధ్యలో వచ్చే మిడ్ పరీక్షలు తప్ప తాను ఎక్కడున్నాడో తెలిపే గుర్తు లేదు. తన కాలాన్ని తానే పంచుకోవడం, తెలియనిదాన్ని తెలియదని గుర్తించడం, సాయం అడగడం అనే నైపుణ్యాలు ఎన్నడూ అవసరపడని చోటునుంచి వచ్చిన పద్దెనిమిదేళ్ల పిల్లలు ఇక్కడ జారిపడితే దాన్ని సోమరితనంగా లెక్కకట్టడం అన్యాయం.

సబ్జెక్టు పోయాక

కెనడాలో పుట్టి స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఆల్బర్ట్ బండూరా 1977లో స్వీయ సామర్థ్య విశ్వాసం అనే భావనను ప్రతిపాదించారు. ఒక నిర్దిష్టమైన పనిని తాను చేయగలనని మనిషి తన గురించి తాను వేసుకునే అంచనా ఇది. మొత్తం మీద తానెంత గొప్పవాడినన్న అభిప్రాయంతో దీనికి సంబంధం లేదు. ఈ అంచనా నాలుగు దారుల్లో ఏర్పడుతుందని ఆయన వివరించారు: స్వయంగా చేసి నెగ్గిన అనుభవం, తనలాంటివారు నెగ్గడం చూడటం, నమ్మదగినవారు చెప్పే మాట, ఆ పని ముందు శరీరంలో, మనసులో కలిగే ఆందోళన లేదా నిబ్బరం. వీటిలో మొదటిదే అన్నిటికంటే బలమైనది. సబ్జెక్టు పోయిన విద్యార్థి విషయంలో ఈ నాలుగు దారులూ ఒకేసారి మూసుకుపోవడం గమనించదగ్గ విషయం. చేసి ఓడాడు, తనలాంటివారు ఎలా గట్టెక్కారో తెలియదు, ఎందుకంటే సప్లీలు, అంటే సప్లిమెంటరీ పరీక్షలు రాసిన సీనియర్లు ఆ సంగతి బయటపెట్టుకోరు, ఇంట్లోనూ డిపార్ట్‌మెంట్‌లోనూ వినిపించే మాట ఎత్తిపొడుపు, పరీక్ష హాలు గుర్తొస్తేనే గుండె దడ.

పైగా బ్యాక్‌లాగ్, అంటే ఇలా మిగిలిపోయిన సబ్జెక్టు, ఒక్కచోట ఆగే బరువు కాదు. మొదటి గణితం అర్థం కానివారికి రెండో గణితం, దాని వెంట సిగ్నల్స్ గాని, స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్ గాని అర్థం కావు. ఈ సెమిస్టర్ సబ్జెక్టులు చదువుతూనే పాతవి రాయాలి. తగినన్ని క్రెడిట్లు, అంటే ఒక్కో సబ్జెక్టుకు కేటాయించిన అర్హతాంకాలు సమకూరకపోతే పై సంవత్సరానికి పంపరు, దాన్నే పిల్లలు డిటెయిన్ కావడం అంటారు. ఒక సెమిస్టర్‌లో జరిగిన పొరపాటు మూడు సెమిస్టర్ల మీద వడ్డీ వసూలు చేస్తుంది. ఈ దశలో చదువు మానేసినవారిని లెక్కల్లో ఆసక్తి లేనివారిగా నమోదు చేసుకోవడం సంస్థలకు సులువు.

అది ఎంతవరకు నిజమో తేల్చడానికి కొలరాడో విశ్వవిద్యాలయానికి చెందిన సామాజిక శాస్త్రవేత్తలు ఎలేన్ సీమోర్, నాన్సీ హ్యూయిట్ అమెరికాలోని ఏడు విద్యాసంస్థల్లో 335 మంది విద్యార్థులతో మాట్లాడి, 1997లో ఒక పుస్తకం వెలువరించారు. విజ్ఞానశాస్త్రం, గణితం, ఇంజనీరింగ్ విభాగాలను విడిచి వెళ్లినవారికీ అక్కడే కొనసాగినవారికీ మధ్య ప్రతిభలో గాని, శ్రమలో గాని చెప్పుకోదగ్గ తేడా వారికి కనిపించలేదు. నాసిరకం బోధన, పరుగు పెట్టే పాఠ్యప్రణాళిక, ఎవరూ పట్టించుకోని తనం గురించి వెళ్లిపోయినవారు చేసిన ఫిర్యాదులే ఉండిపోయినవారూ చేశారు. తేడా ఎక్కువగా ఎవరికి ఏ సమయంలో ఏ ఆసరా దొరికిందన్న దగ్గరే తేలింది. అమెరికా పరిస్థితులను ఉన్నవి ఉన్నట్టుగా తెలుగు నేలకు అన్వయించలేం గాని, వెళ్లిపోయినవారిని అడిగి తెలుసుకోవాలన్న ఆ పద్ధతి మాత్రం ఇక్కడ తక్షణం అవసరమైనది; డిటెయిన్ అయిన విద్యార్థి చేత హామీపత్రం రాయించుకునే కళాశాలల్లో ఏం జరిగిందని కూర్చోబెట్టి అడిగేవి అరుదు.

ఈ విషయంలో ఇంకా లోతుకు వెళ్లిన పరిశీలన కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో జరిగింది. 1970ల మధ్యలో అక్కడ పరిశోధక విద్యార్థిగా ఉన్న యూరి ట్రైస్మన్, కలనగణితం మొదటి కోర్సులో నల్లజాతి విద్యార్థులు అంత పెద్ద సంఖ్యలో ఎందుకు వెనకబడుతున్నారని ఆచార్యులను అడిగారు. ప్రేరణ లేకపోవడం, స్కూల్లో సరైన పునాది పడకపోవడం, కుటుంబం నుంచి ప్రోత్సాహం కొరవడటం, పేదరికం అన్న నాలుగు కారణాలే దాదాపు అందరూ చెప్పారు. ఆయన ఆ మాటలతో తృప్తిపడక, ఇరవై మంది నల్లజాతి విద్యార్థులనూ, అదే కోర్సులో బాగా రాణిస్తున్న ఇరవై మంది చైనా సంతతి విద్యార్థులనూ నెలల తరబడి వెంట ఉండి గమనించారు. నాలుగు కారణాలూ నిలవలేదు. ఆ పిల్లలు తమ తమ స్కూళ్లలో మేటి విద్యార్థులు. తల్లిదండ్రులు వారి చదువు కోసం ఎన్నో వదులుకున్నవారు. కోర్సుకు ఎన్ని గంటలు చదవాలని చెప్పారో అన్ని గంటలూ శ్రద్ధగా చదివినవారు.

తేడా చదివే తీరులో బయటపడింది. చైనా సంతతి విద్యార్థులు ముందు ఎవరికి వారు చదువుకొని, రాత్రిపూట ఒకచోట చేరి జవాబులు సరిచూసుకునేవారు; ఒకరి తప్పు ఒకరు దిద్దేవారు; అందరికీ రాని లెక్క ఏదైనా ఉంటే అది లెక్క కష్టం గాని తమ లోపం కాదని వారికి అక్కడే తెలిసిపోయేది. నల్లజాతి విద్యార్థులు దాదాపు అందరూ ఒంటరిగా చదివేవారు. చెడు సావాసాలకు దూరంగా ఒంటరిగా చదువుకోవడం వల్లనే వారు స్కూల్లో నెగ్గుకొచ్చారు; తమను గట్టెక్కించిన ఆ అలవాటే ఇక్కడ వారిని ముంచింది. తనకు రానిది తనకొక్కరికే రాదని ఒంటరి విద్యార్థి అనుకుంటాడు, ఆ అనుకోలును సరిదిద్దే మనిషి పక్కన ఉండడు. ట్రైస్మన్ వారికోసం వెనకబడినవారి తరగతిలాంటిది ఏదీ పెట్టలేదు; ప్రతిభావంతుల కార్యక్రమం అన్న పేరుతో, మామూలు తరగతిలో ఇచ్చేవాటికంటే కఠినమైన లెక్కలు ఇచ్చి, చిన్న చిన్న బృందాలుగా కూర్చోబెట్టి వాదించుకోనిచ్చారు. అందులో పాల్గొన్న నల్లజాతి, లాటినో విద్యార్థులు తక్కిన సహవిద్యార్థులను, వారిలో తెల్లజాతివారిని కూడా, మించి రాణించారు.

ట్రైస్మన్ కనుగొన్న ఈ సంగతికి తెలుగు విద్యార్థుల వాడుకలో ఎన్నడో పేరుంది. పరీక్షల ముందు హాస్టల్ గదిలోనో, మేడ మీదో నలుగురు చేరి, సబ్జెక్టు బాగా వచ్చినవాడు మిగతావారికి చెబుతూ పొద్దుపోయేదాకా సాగించే చదువును ఇక్కడ కంబైన్డ్ స్టడీ అంటారు. కబుర్లతో కాలక్షేపమని పెద్దలు దాన్ని అనుమానిస్తారు; రెసిడెన్షియల్ ఇంటర్ కళాశాలల్లో స్టడీ అవర్‌లో పక్కవాడితో మాట్లాడటమే నేరం. ఒకే లెక్క మీద ఇద్దరు వాదించుకునే అవకాశాన్ని రెండేళ్లు అణచిపెట్టి, ర్యాంకుల పేరుతో పక్కవాడిని పోటీదారుగా చూడటం నేర్పి, ఆ తర్వాత ప్రాజెక్టు పనిలో నలుగురూ కలిసి పనిచేయలేకపోతున్నారని వాపోవడం పెద్దలు చేస్తున్న పని. 2025 జూలైలో విద్యార్థుల మానసిక ఆరోగ్యం గురించి దేశమంతటికీ వర్తించేలా మార్గదర్శకాలు ఇచ్చిన సుప్రీంకోర్టు, మార్కులను బట్టి సెక్షన్లుగా విడదీయడాన్ని, అందరి ముందు అవమానించడాన్ని విద్యాసంస్థలు, ముఖ్యంగా కోచింగ్ కేంద్రాలు మానుకోవాలని చెప్పింది. ఆ తీర్పుకు మూలమైన కేసు విశాఖపట్నంలో కోచింగ్ తీసుకుంటూ మరణించిన ఒక విద్యార్థినికి సంబంధించినది కావడం తెలుగువారు మరిచిపోకూడని విషయం. సెక్షన్ల విభజన కేవలం మనసు గాయపరిచే ఆచారమే అయితే కొంత ఓదార్పుతో సర్దుకోవచ్చునేమో గాని, అది తెలిసినవారినీ తెలియనివారినీ వేరు గదుల్లో పెట్టి, చదువు చేతులు మారే దారినే మూసేస్తుంది.

ద్రవ్యవేగం నుంచి మొమెంటమ్ దాకా

తెలుగు నేల మీద నిలకడ గురించి మాట్లాడేటప్పుడు భాష సంగతి వదిలేస్తే ఆ చర్చ సగమే అవుతుంది. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి ఇంటర్, డిగ్రీ స్థాయి పాఠ్యపుస్తకాలను తెలుగులో తెచ్చిన ఫలితంగా త్వరణం, జడత్వం, ద్రవ్యవేగం, అవకలనం, సమాకలనం వంటి మాటలతో విజ్ఞానశాస్త్రాన్ని ఆలోచించగల తరాలు తయారయ్యాయి. అలాంటి విద్యార్థి ఇంజనీరింగ్ తరగతిలో మొమెంటమ్, ఇంటిగ్రేషన్ అన్న మాటలు వినగానే అవి తనకు తెలిసిన సంగతులేనని పోల్చుకోవడానికి కొంత సమయం పడుతుంది. ఆ లోపల పాఠం రెండు మెట్లు ముందుకు వెళ్లిపోతుంది. సందేహం తెలుగులో పుట్టి, ఇంగ్లిష్‌లో అడగాల్సి రావడంతో గొంతులోనే ఆగిపోతుంది. వెనక బెంచీలో మౌనంగా కూర్చున్న ఆ విద్యార్థికి ఆసక్తి లేదని అధ్యాపకులు అనుకోవడం, కొన్నాళ్లకు విద్యార్థి కూడా అదే నమ్మడం జరిగిపోతుంది. ఇక్కడ లోపించింది ప్రేరణ కాదు, పూడ్చదగిన ఒక మాటల అంతరం మాత్రమే. 2021–22లో అఖిల భారత సాంకేతిక విద్యామండలి తెలుగుతో సహా కొన్ని భారతీయ భాషల్లో ఇంజనీరింగ్ బోధనకు అనుమతి ఇవ్వడం ఒక మంచి అడుగే గాని, ఉద్యోగాల భయంతో విద్యార్థులు పూర్తిగా తెలుగు మాధ్యమాన్ని ఎంచుకోవడానికి వెనకాడటం కూడా సహజం. మొదటి సంవత్సరంలో రెండు భాషలనూ పక్కపక్కన నడిపించి, తెలిసిన మాట మీదుగా కొత్త మాటకు తీసుకువెళ్లే బోధన అందరికీ అందుబాటులో ఉన్న మధ్యేమార్గం.

ఈ అంతరాన్ని ఎదుర్కొనే ఏర్పాటుతోనే మొదలైన సంస్థ ఒకటి తెలుగువారి మధ్య ఉంది. 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బాసర, నూజివీడు, ఇడుపులపాయల్లో ప్రాంగణాలతో రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయాన్ని నెలకొల్పింది. జనం నోట అది ట్రిపుల్ ఐటీగానే స్థిరపడింది. కృత్రిమ మేధలో చేసిన కృషికి 1994లో ట్యూరింగ్ పురస్కారం అందుకున్న, చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి దానికి తొలి కులపతి. పదో తరగతి మార్కులే ప్రవేశానికి ఆధారం గనుక ఇంటర్ కోచింగ్ కొనుక్కోలేని గ్రామీణ పిల్లలకు తలుపు తెరుచుకుంది. ప్రభుత్వ బడుల పిల్లల వెనకబాటును గుర్తించి వారి గ్రేడ్ సగటుకు 0.4 పాయింట్లు కలిపారు. రెండేళ్ల పీయూసీ, నాలుగేళ్ల బీటెక్ కలిపి ఆరేళ్లు ఒకేచోట చదివే పద్ధతి పెట్టారు. ప్రవేశ పరీక్షకూ ఇంజనీరింగ్‌కూ మధ్య ఉన్న అగాధాన్ని ఆ ఆరేళ్ల ప్రణాళిక తొలగించింది: భాష మారడానికి, తోటివారితో కలవడానికి, తప్పులు చేసి దిద్దుకోవడానికి పదహారేళ్ల పిల్లలకు వ్యవధి దొరికింది. వసతుల విషయంలో, అధ్యాపకుల కొరత విషయంలో ఆ ప్రాంగణాలు పడిన అవస్థలు అనేకం, వాటి మీద విద్యార్థులు చేసిన ఆందోళనలూ అందరికీ తెలిసినవే. అయినా నిలకడకు కాలం, తోడు అవసరమన్న గ్రహింపు ఆ రూపకల్పనలోనే ఉండటం వల్ల, దాన్ని ఒక ప్రభుత్వ పథకంగా కంటే ఒక విద్యా ఆలోచనగా చూడటం ఎక్కువ న్యాయం.

పట్టుదలకు ఉదాహరణగా తెలుగు పాఠ్యపుస్తకాలు తరచుగా చెప్పే యల్లాప్రగడ సుబ్బారావు జీవితాన్ని కూడా ఈ వెలుగులో మరోసారి చూడవచ్చు. 1895లో భీమవరంలో పుట్టిన ఆయన మెట్రిక్యులేషన్‌ను మూడో ప్రయత్నంలో గాని దాటలేదు. మద్రాసు వైద్య కళాశాలలో ఖాదీ దుస్తులు ధరించి శస్త్రచికిత్స ఆచార్యుని ఆగ్రహానికి గురై, పూర్తి పట్టాకు బదులు ఎల్ఎంఎస్ అనే తక్కువ స్థాయి పట్టాతో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. 1922లో బోస్టన్ చేరి, ఆస్పత్రిలో కూలి పని చేసుకుంటూ హార్వర్డ్‌లో చదివి, 1925లో సైరస్ ఫిస్కేతో కలిసి శరీర ద్రవాల్లో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని రూపొందించారు. లెడర్లీ ప్రయోగశాలల్లో ఆయన నాయకత్వంలో సాగిన పరిశోధనలు ఫోలిక్ ఆమ్లాన్ని, బోదకాలు చికిత్సకు వాడే హెట్రజాన్‌ను, క్యాన్సర్ చికిత్సలో నేటికీ వాడే మెథోట్రెక్సేట్‌ను ప్రపంచానికి ఇచ్చాయి. ఒంటరి పోరాటంగా చెప్పుకునే ఈ కథలో తోడు నిలిచినవారు అడుగడుగునా ఉన్నారు. వైద్యం చదివించినవారు స్నేహితులు, తర్వాత మామగారైన కస్తూరి సూర్యనారాయణమూర్తి. అమెరికాకు పంపిన డబ్బులో కాకినాడ సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయం ఉంది. సొంత సోదరులను పోగొట్టుకున్న దుఃఖం ఆయన ప్రేరణకు మూలమైతే, ఆ ప్రేరణ చల్లారకుండా కాపాడింది ఈ మనుషులూ సంస్థలూ. మూడోసారి మెట్రిక్ రాయడానికి ఆయనకు అవకాశం ఉండటం కూడా చిన్న విషయమేమీ కాదు.

పట్టుదలను మనిషి లోపలి గుణంగా కొలిచే ప్రయత్నాలు కూడా జరగకపోలేదు. ఏంజెలా డక్‌వర్త్ బృందం 2007లో దీర్ఘకాలిక లక్ష్యం మీద నిలిచే గుణానికి ఒక కొలమానం ప్రతిపాదించింది. పదేళ్ల తర్వాత వచ్చిన సమగ్ర విశ్లేషణ ఒకటి, ఆ గుణానికీ, చాలాకాలంగా తెలిసిన శ్రద్ధాళుత్వం అనే లక్షణానికీ పెద్ద భేదం లేదని తేల్చింది. తెలివితేటలు పెంపొందించుకోగలిగినవేనన్న భావనను పిల్లలకు గంటలోపు పాఠంగా చెప్పి ఫలితం చూసిన అధ్యయనం 2019లో అమెరికాలో వెలువడింది. మార్కులు తక్కువగా వచ్చే పిల్లల్లో కొద్దిపాటి మెరుగుదల కనిపించింది. అయితే సవాళ్లను స్వీకరించడాన్ని తోటి పిల్లలు మెచ్చుకునే బడుల్లోనే ఆ పాఠం బాగా నాటుకుంది. విత్తనం మంచిదైనా నేల పదును కావాలన్న రైతు మాట ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. ప్రముఖ వక్తలను పిలిపించి, ఆడిటోరియంలో రెండు గంటలు ఉత్తేజపరిచి పంపే కార్యక్రమాలు ఎందుకు వారం తిరగకుండానే ఆవిరైపోతాయో దీన్నిబట్టి అర్థమవుతుంది.

బోధన తీరు మారితే ఏమవుతుందన్న దానికి మాత్రం గట్టి ఆధారం ఉంది. విజ్ఞానశాస్త్ర, ఇంజనీరింగ్, గణిత తరగతుల మీద జరిగిన 225 అధ్యయనాలను స్కాట్ ఫ్రీమన్ బృందం 2014లో ఒకచోట చేర్చి విశ్లేషించింది. అధ్యాపకుడు చెబుతుంటే విద్యార్థులు రాసుకునే తరగతుల్లో సగటున 33.8 శాతం మంది తప్పితే, తరగతిలోనే సమస్యలు చేయించి, చర్చింపజేసి, వెంటనే సరిదిద్దే తరగతుల్లో 21.8 శాతం మంది తప్పారు. ఈ రెండింటి మధ్య మారింది తరగతి, పిల్లలు కాదు.

తెలుగు రాష్ట్రాల్లోని చాలా విశ్వవిద్యాలయాల్లో సబ్జెక్టు పోయిన విద్యార్థికి ఆ వార్త వెబ్‌సైట్‌లో ఒక అక్షరంగా చేరుతుంది. ఏ ప్రశ్నలో, ఏ మెట్టు దగ్గర తప్పు జరిగిందో తెలియదు; జవాబు పత్రాన్ని మళ్లీ చూపించాలన్నా, దిద్దించాలన్నా ప్రత్యేకంగా రుసుము కట్టాలి, కట్టినా చేతికి వచ్చేది సాధారణంగా మారిన మార్కో, మారని మార్కో గాని వివరణ కాదు. కొన్ని నెలలకు సప్లిమెంటరీ పరీక్ష వస్తుంది. ఈ మధ్యకాలంలో ఆ సబ్జెక్టుకు తరగతి లేదు, టైంటేబుల్‌లో గంట లేదు, అడగడానికి కేటాయించిన అధ్యాపకుడు లేడు. ఓడిపోయిన పనిని మళ్లీ చేసి నెగ్గిన అనుభవమే విశ్వాసానికి మొదటి దారి అని బండూరా చెప్పిన చోటనే వ్యవస్థ ఖాళీ వదిలేసింది. కిందటేడు అదే సబ్జెక్టును రెండోసారి రాసి నెగ్గిన సీనియర్, ఆ జవాబు పత్రం నకలు, తరగతులు అయ్యాక ఖాళీగా ఉండే ఒక గది, వారానికి రెండు సాయంత్రాలు, వీటిని సమకూర్చడానికి ఏ కళాశాలకూ కొత్త భవనం అవసరం లేదు. ఆ గదికి వచ్చేవారి పేర్లను మాత్రం నోటీసు బోర్డు మీద పెట్టకూడదు.